తమ్ముడి కార్ల వ్యాపారంలో నా వాటా పదమూడున్నర వేలేనా?

ఈసారి ఉత్తరం వనస్థలిపురం నుంచి. రాసినావిడ ఒక ప్రైవేటు బడిలో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతారు. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరంతో పాటు మూడు ఫొటోలు పంపారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆవిడ తమ్ముడు నాగోల్ వైపు ఒక జాగా అద్దెకు తీసుకుని పాత కార్లు కొని అమ్ముతుంటాడు. యార్డులో ఎప్పుడు చూసినా ఎనిమిది బండ్లకు అటూ ఇటూగా ఉంటాయి. జనవరిలో ఆవిడకు నాలుగు లక్షల చీటీ డబ్బు చేతికొచ్చింది. "బ్యాంకులో పడేస్తే ఏమొస్తుందక్కా, నాకియ్యి. నీ డబ్బుతో కొన్న బండి మీద ఖర్చులు పోను లాభం చెరి సగం" అన్నాడు తమ్ముడు. ఆవిడ అతని ఖాతాకు వేసేశారు. కాగితం ఏమీ రాసుకోలేదు. జనవరి 28న అతను ఒక స్విఫ్ట్‌ని 3,60,000కి కొన్నాడు, ఏప్రిల్ 8న 4,50,000కి అమ్మాడు. ఆ ఆదివారం ఇంటికొచ్చి, భోజనం చేసి, ఒక చీటీతో పాటు 13,500 చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆ చీటీ మొదటి ఫొటో. టైర్ల షాపు కరపత్రం వెనక బాల్‌పెన్నుతో, వేలు ఎగ్గొట్టి రాసిన అంకెలు: "అమ్మింది 450. కొన్నది 360. షెడ్డు పని 24. ఆర్సీ, ఇన్సూరెన్సు 4.8. యాడ్స్ 18. జీఎస్టీ 16.2. మిగిలింది 27. అక్కకి 13.5." అడుగున రెండు గీతలు.

ఆవిడ తన లెక్క తాను వేసుకున్నారు. తొంభై వేలలో షెడ్డు పని, ఆర్సీ ఖర్చు తీసేస్తే 61,200. ప్రకటనలకు ఎంత వేసుకున్నా మూడు వేలు, అది పోతే 58,200. దాని మీద పద్దెనిమిది శాతం పన్ను 10,476. మిగిలిన 47,724లో సగం 23,862. అంటే పదివేలకు పైగా తేడా. స్టాఫ్‌రూములో ఒక మాస్టారు ఇంకో బాంబు వేశారు: "పాత కార్ల మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ మేడం, నాలుగున్నర లక్షలకి 81,000 కట్టాలి. మీ తమ్ముడు కట్టినట్టే లేదు." ఆవిడ భర్తేమో "నీ తమ్ముడు నిన్ను ముంచాడు, అసలు తెచ్చుకో" అంటున్నారట. అమ్మ మాత్రం "తోడబుట్టినవాడి దగ్గర లెక్కలేంటే" అని కళ్లనీళ్లు పెట్టుకుంటోందట. ఇంతలో తమ్ముడు ఇంకో మూడు లక్షలు సర్దమంటున్నాడు. బెంగళూరు బండి, కేఏ నంబరు ఎస్‌యూవీ, ఆరున్నర లక్షలకు వస్తుందట. "పిల్లలకు లాభనష్టాలు చెప్పేదాన్ని, నా లాభం నాకే తేలడం లేదు. వాడు మోసం చేస్తున్నాడా లేదా అన్నది ఒక్కటి చెప్పండి" అని ముగించారు.

అమ్మా, చివరి ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను. ఈ మూడు ఫొటోల్లో నాకు మోసం కనిపించలేదు. తప్పులు కనిపించాయి. రెండు అతనివి, ఒకటి మీది, ఒకటి మాస్టారిది. అన్నిటికీ మూలం ఒకటే: శాతం అన్నారు గానీ ఎందులో శాతమో, పంచాలన్నారు గానీ ఎంతమందికి పంచాలో ఎవరూ ముందుగా అనుకోలేదు. మీ పిల్లలైతే మార్కులు పోగొట్టుకుని ఊరుకుంటారు. మీ ఇంట్లో రాకపోకలే ఆగిపోయేలా ఉన్నాయి.

మాస్టారి తప్పుతో మొదలుపెడదాం, అది తేలిక. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జీఎస్టీ మండలి కూర్చుని పాత వాహనాలన్నిటికీ ఒకే రేటు, పద్దెనిమిది శాతం అని తేల్చింది. అంతకుముందు చిన్న కార్లకు పన్నెండే ఉండేది. ఆ వార్త వచ్చిన రోజుల్లో చాలామంది మీ మాస్టారిలాగే మొత్తం ధర మీద పన్ను అనుకుని గాభరాపడ్డారు. పన్ను మొత్తం ధర మీద కాదు, వ్యాపారి మార్జిన్ మీద. అంటే అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేయగా మిగిలిన దాని మీద. నష్టానికి అమ్మితే మార్జిన్ లేదు, పన్నూ లేదు. మీరో నేనో సొంతానికి వాడుకున్న కారు అమ్ముకుంటే ఈ పన్ను ఊసే లేదు. అది జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి. కాబట్టి ఆ 81,000ని మరిచిపోండి.

"లైఫ్ ట్యాక్స్ కట్టేసిన బండికి మళ్లీ పన్నేంటి" అని కూడా ఉత్తరం మధ్యలో అడిగారు. లైఫ్ ట్యాక్స్ రాష్ట్రానిది, కొత్త బండి కొన్నప్పుడు మొదటి యజమాని కట్టేది. తెలంగాణ బండి తెలంగాణలోనే చేతులు మారితే అది మళ్లీ పడదు. దీనికీ జీఎస్టీకీ సంబంధం లేదు. కేఏ నంబరు బండి దగ్గర మాత్రం ఇది మళ్లీ మన ముందుకొస్తుంది, అప్పుడు చూద్దాం.

ఇప్పుడు మీ తప్పు. ఏమీ అనుకోకండి. మీరు షెడ్డు పనిని, ప్రకటనలను తీసేసి, మిగిలిన దాని మీద పద్దెనిమిది శాతం వేశారు. లాభం మీద పన్ను అలాగే ఉంటుంది కదా అన్నది మీ ఊహ. అది ఆదాయపు పన్ను పద్ధతి. జీఎస్టీ మీ డెంటింగ్‌నీ పెయింటింగ్‌నీ పట్టించుకోదు. కొన్నదెంత, అమ్మిందెంత, ఈ రెండే దానికి కావాలి. ఆ మేరకు మీ తమ్ముడే సరిగ్గా వేశాడు, తొంభై వేల మీదే పన్ను తీశాడు.

కానీ ఎలా తీశాడు? 90,000లో 18 శాతం 16,200 అన్నాడు. బండి కొన్న పార్టీ అన్నీ కలిపి ఇచ్చింది 4,50,000. పన్ను వేరుగా బిల్లులో చూపించి పైన వసూలు చేయలేదు. అంటే ఆ తొంభై వేల కడుపులోనే పన్ను కూడా ఉంది. అసలు మార్జిన్ ఎంతో మనకు తెలియదు, కాబట్టి దాన్ని క్ష అందాం (మీరు బోర్డు మీద ఎక్స్ అని రాసేదే, మా రోజుల్లో క్ష). క్ష, దాని మీద పన్ను 0.18 క్ష, రెండూ కలిస్తే 90,000.

1.18 క్ష = 90,000
క్ష = 76,271

పన్ను 13,729. పన్ను కలిసి ఉన్న మొత్తాన్ని 118తో భాగించి 18తో గుణించడం జీఎస్టీ నియమాల్లో ఉన్న పద్ధతే, నా కల్పన కాదు. మీ తమ్ముడు 2,471 ఎక్కువ తీశాడు. మీ వాటాలో అది 1,235. మోసం చేద్దామనుకున్న మనిషి ఇంత చిన్న చోట చేయడు. కూడికకు ముందు శాతమా, తర్వాత శాతమా అన్న తికమక ఇది. రెండు వేల చీర పది శాతం తగ్గించి, మళ్లీ పది శాతం పెంచితే 1,980కే వస్తుందంటే నమ్మని షాపువాళ్లను నేను చూశాను.

ఇక్కడ చిన్నది కాని ప్రశ్న ఒకటి ఉంది. మీ తమ్ముడికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉందా? ఉత్తరంలో ఎక్కడా చెప్పలేదు, బహుశా మీకూ తెలియదు. ఉంటే 13,729 న్యాయంగా తీసుకోవాల్సిందే. లేకపోతే కట్టని పన్నును మీ లెక్కలోంచి తీశాడన్నమాట, ఆ మొత్తం తిరిగి లాభంలో కలవాలి. తెలుసుకోవడానికి గొడవ అక్కర్లేదు. రిజిస్టర్ అయిన వ్యాపారి నంబరు షాపులో బోర్డు మీద ఉండాలి, ఆ నంబరు జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరికైనా వివరాలు కనిపిస్తాయి. సరుకుల వ్యాపారానికి చాలా రాష్ట్రాల్లో ఏడాదికి నలభై లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ తెలంగాణలో ఆ గీత ఇరవై లక్షల దగ్గరే ఉంది. నెలకు రెండు నుంచి ఐదు బండ్లు అమ్మే మనిషికి రిజిస్ట్రేషన్ లేదంటే, పదమూడు వేల కంటే పెద్ద చిక్కే పొంచి ఉంది. ఆ చిక్కు మీదాకా వస్తుందా అన్నది మీరు ఏ హోదాలో డబ్బు పెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇక ప్రకటనల దగ్గరకొద్దాం. అసలు రగడ ఇక్కడే. మీరు మూడు వేలన్నారు, అతను పద్దెనిమిది వేలన్నాడు. ఇద్దరూ గాల్లోంచే తీశారేమో అనుకున్నాను, మిగతా రెండు ఫొటోలు చూసేదాకా.

అవి అతను మీకు వాట్సాప్‌లో పంపిన ప్రకటన బిల్లుల మొత్తాలు. మార్చిలో మూడు బండ్లు అమ్మాడు, ప్రకటనలకు 28,500. ఏప్రిల్‌లో ఐదు అమ్మాడు, 31,500. బండ్లు అమ్ముడైనా కాకపోయినా నెలనెలా పోయే ఖర్చు కొంత ఉంటుంది: కార్ల వెబ్‌సైట్లలో ప్యాకేజీ, పేపర్లో వరుస ప్రకటన, రీల్స్ తీసే కుర్రాడి జీతం. దాన్ని క్ష అందాం. అమ్మిన ఒక్కో బండి మీద వెబ్‌సైటుకు పోయేది య అందాం.

క్ష + 3య = 28,500
క్ష + 5య = 31,500

పదో తరగతిలో రెండు చరరాశుల పాఠం మీరు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! తీసివేస్తే 2య = 3,000. య 1,500, క్ష 24,000. గుండ్రంగా వచ్చాయి కాబట్టి నిజానికి దగ్గరగానే ఉన్నామని నా అనుమానం. అయితే రెండు బిందువుల గుండా సరళరేఖ ఎప్పుడూ పోతుందని మీకు చెప్పక్కర్లేదు. మూడో బిందువు కావాలి. ఫిబ్రవరిలో రెండు బండ్లు అమ్మాడని రాశారు. మన లెక్క నిజమైతే ఫిబ్రవరి బిల్లు 27,000 ఉండాలి. ఆ బిల్లు అడగండి.

ఇప్పుడు మీ స్విఫ్ట్ వాటా ఎంత? ఏప్రిల్‌లో అమ్ముడైన ఐదింటిలో అదొకటి కాబట్టి 24,000ని ఐదుతో భాగించి 1,500 కలిపితే 6,300. ఇది ఒక జవాబు. కానీ మీ బండి యార్డులో డెబ్బై రోజులు నిలబడింది. ఆ రోజులన్నీ దాని ఫొటో వెబ్‌సైట్లో ఉంది, దాని గురించి ఫోన్లు వచ్చాయి. వారంలో పోయిన బండీ, డెబ్బై రోజులున్న బండీ ఒకటే మోయాలా? రోజుల లెక్కన చూద్దాం. నెలకు 24,000, ముప్పై రోజులు, ఎనిమిది బండ్లు. బండికి రోజుకు సరిగ్గా వంద రూపాయలు. డెబ్బై రోజులకు 7,000, పైన 1,500, మొత్తం 8,500. ఇది ఇంకో జవాబు.

మరి అతని పద్దెనిమిది వేలు? ఏప్రిల్ బిల్లును అమ్మిన ఐదు బండ్లకు పంచితే బండికి ఆరు వేల చిల్లర. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మూడు నెలలని, మూడు ఆర్లు పద్దెనిమిది అనేశాడు. అతని తలలో జరిగింది ఇదేనని దాదాపు ఖాయంగా చెప్పగలను. చూడ్డానికి సబబుగానే ఉంది. దాన్ని పట్టుకునే ఉపాయం చెబుతాను: ఇదే సూత్రం యార్డులో ఉన్న ఎనిమిది బండ్లకూ వేస్తే నెలకు 48,000 వసూలవ్వాలి. కానీ అసలు బిల్లు ముప్పై వేల దగ్గరే ఉంది. పంచిన ముక్కలన్నీ కలిపితే రొట్టె కంటే పెద్దదయింది. హారంలో అమ్ముడైన బండ్లు పెట్టి, గుణించేటప్పుడు నిలబడ్డ నెలలు పెట్టడం వల్ల వచ్చిన తప్పు. రెండిట్లో ఏదో ఒకటే వాడాలి. పైగా ఏప్రిల్‌లో మీ బండి ఉన్నది ఎనిమిది రోజులే.

తొంభై వేలలో షెడ్డు పని, ఆర్సీ ఖర్చు, సరిచేసిన పన్ను పోతే 47,471. ప్రకటనకు అతని 18,000 తీస్తే మీ సగం 14,735. రోజుల లెక్కన 8,500 తీస్తే 19,485. అమ్మిన బండ్ల లెక్కన 6,300 తీస్తే 20,585. ఒకవేళ రిజిస్ట్రేషనే లేక పన్ను కట్టకపోయి ఉంటే, రోజుల లెక్కన 26,350. మీకొచ్చింది 13,500, మీరు ఆశించింది 23,862. నన్నడిగితే రోజుల లెక్క న్యాయం. నిలబడ్డ బండి ఖర్చు ఆ బండికే తగిలితే, తొందరగా అమ్మాలన్న తొందర ఇద్దరికీ ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఉంటే మీకు రావలసింది ఇంకో ఆరు వేలు, అటూ ఇటూగా.

ఆ ఆరు వేలు అడిగే ముందు చీటీలో లేనివాటిని కూడా చూడండి. జాగా అద్దె లేదు. బండ్లు కడిగే కుర్రాడి జీతం లేదు. కరెంటు లేదు. స్విఫ్ట్‌ని చూపించడానికి అతను తిరిగిన పెట్రోలు లేదు. ఇవన్నీ తన సగంలోంచే పెట్టుకున్నాడు, లేదా రాయడం మరిచిపోయాడు. కాకి లెక్కలు వేసేవాడు ముందుగా అద్దె రాస్తాడమ్మా. నాకు మోసం కనిపించలేదన్నది అందుకే. రాబోయే బండికి "ఖర్చులు" అంటే అద్దె కూడానా అన్నది మీరిద్దరూ తేల్చుకోకపోతే, ఈసారి చీటీలో అది ఉంటుంది, మీకు మళ్లీ నిద్ర పట్టదు.

చిన్నది ఇంకొకటి. అతనికి రిజిస్ట్రేషన్ ఉంటే, ప్రకటన బిల్లు మీదా షెడ్డు బిల్లు మీదా తాను కట్టిన జీఎస్టీని తన పన్నులో సర్దుబాటు చేసుకుంటున్నాడా అని వాళ్ల ఆడిటర్‌ని అడిగించండి. చేసుకుంటుంటే ఆ మేరకు ఖర్చు తగ్గించి రాయాలి.

డబ్బు వెనక్కి తీసుకోవాలా? అది మీ ఇష్టం, కానీ ఏం చేస్తే ఏమవుతుందో చెబుతాను. నాలుగు లక్షలకు డెబ్బై రోజుల్లో 13,500 అంటే మన ఊళ్ల భాషలో నూటికి రూపాయిన్నరకు కాస్త తక్కువ వడ్డీ పడింది. సరిచేసిన 19,485 అయితే నూటికి రెండు రూపాయల పైన. ఏ బ్యాంకూ ఇవ్వదు. అసలు తెచ్చేసుకుంటే మీవారు స్థిమితపడతారు, మీ నిద్ర మీకొస్తుంది, ఈ రాబడి పోతుంది. తమ్ముడి చేతిలో ఇప్పుడు డబ్బు బండ్ల రూపంలో ఉండి ఉంటుంది. రేపే ఇమ్మంటే ఏదో బండిని అయినకాడికి అమ్మాలి. వెనక్కి తీసుకోదలిస్తే రెండు నెలల గడువు ఇచ్చి, తేదీ చెప్పి తీసుకోండి.

అప్పుగా మార్చుకోవడం ఇంకో దారి. లాభంలో వాటా వద్దు, నూటికి రూపాయిన్నర చొప్పున నెలకు 6,000 ఇవ్వు అనవచ్చు. డెబ్బై రోజులకు 14,000. ఇప్పుడొచ్చిన దానికంటే ఎక్కువే, చీటీ చదవాల్సిన పనీ లేదు. ప్రామిసరీ నోటు రాయించుకోండి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించండి, మూడేళ్లలోపు తిరగరాయించుకోండి. డబ్బు ఎప్పటిలాగే ఖాతా నుంచి ఖాతాకే. ఇరవై వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. వడ్డీ మీ ఆదాయంలో చూపించాలి. ఇందులో కష్టం అతనిది: బండి మూడు నెలలు నిలబడినా మీ ఆరు వేలు ఆగవు. తోడబుట్టినవాడి దగ్గర ఒకటో తారీఖున వడ్డీ అడగ్గలరా? అమ్మగారి ముందు అడగ్గలరా? ఆ జవాబు నాకు తెలియదు, మీకు తెలుసు.

వాటాదారుగానే ఉంటానంటే రాబడి ఎక్కువ, చిక్కులూ ఎక్కువే. లాభంలో వాటా తీసుకుంటూ వ్యాపారంలో భాగస్వామిగా లెక్కకొస్తే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం వ్యాపారం అప్పులకు, బకాయిలకు మీరూ జవాబుదారీ అవుతారు. రిజిస్ట్రేషన్ ప్రశ్న మీదాకా వస్తుందా అన్నది ఇందుకే. ఈ దారి ఎంచుకుంటే ఒక్క పేజీ రాసుకోండి. ఏవి ఖర్చులు, ఏవి కావు. ప్రకటన రోజుకు బండికి ఎంత. పన్ను ఎలా లెక్కపెడతారు. బండి తొంభై రోజులు దాటితే ఏం చేస్తారు. మూడు నెలలకోసారి రోజువారీ రేటు మళ్లీ చూడాలి, ఎందుకంటే ఎనిమిది బండ్లు ఐదయితే వంద రూపాయలు నూట అరవై అవుతుంది.

మీవారు మరో మాటన్నారని రాశారు: రాబోయే బండి ఆర్సీ మీ పేర పెట్టించుకోమని. భద్రంగా అనిపిస్తుంది గానీ వద్దు. ఆర్సీలో ఇంకో యజమాని చేరితే సెకండ్ ఓనర్ బండి థర్డ్ ఓనర్ అవుతుంది, ధర పడిపోతుంది. ట్రాన్స్‌ఫర్ ఖర్చు రెండుసార్లు. టెస్ట్ డ్రైవ్‌కని ఎవరో తీసుకెళ్లి ఎవరినైనా గుద్దితే, ఆర్సీలో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. "నీ పేర అమ్మితే జీఎస్టీ కూడా ఉండదక్కా" అని తమ్ముడు ఎప్పుడైనా అంటే నవ్వి ఊరుకోండి. ఒకసారైతే సొంత కారు, వరసగా అమ్మితే అది మీ వ్యాపారం.

కేఏ నంబరు బండి సంగతి. ఎంతకు అమ్మితే ఎంత మిగులుతుందో ముందే తెలుసుకునే సూత్రం ఇది. కొన్న ధర క, ఖర్చులన్నీ ఖ, మిగలాలనుకునే లాభం ల అయితే,

అమ్మాల్సిన ధర = క + 1.18 × (ఖ + ల)

ఖర్చును కూడా పన్ను పడే మార్జిన్‌లోంచే రాబట్టాలి కాబట్టి, అది ఒక్క రూపాయి పెరిగితే అమ్మకం ధర 1.18 పెరగాలి. బండి ఒక్కరోజు ఎక్కువ నిలబడితే ప్రకటన లెక్కనే 118 రూపాయలు. ఆరున్నర లక్షలకు కొని, షెడ్డుకు ముప్పై వేలు, ఆర్సీకి అయిదు వేలు, అరవై రోజుల ప్రకటనకు 7,500 అనుకోండి. ఇద్దరికీ చెరి ముప్పై వేలు మిగలాలంటే 7,70,950కి అమ్మాలి. ఏడున్నర లక్షలకే పోతే మిగిలేది 42,246, మీకు 21,123.

కానీ ఈ ఖర్చుల్లో పెద్దదాన్ని ఇంకా వేయలేదు. బెంగళూరు బండిని ఇక్కడ టీజీ నంబరుకు మార్చాలంటే అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. వేరే రాష్ట్రం బండి మనకు చవగ్గా కనిపించేది ఇందుకే. ఆ ట్యాక్స్ ఎంతో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కుని ఖలో కలపండి. అది యాభై వేలయితే అమ్మాల్సిన ధర 59,000 పెరుగుతుంది, అప్పుడది ఎనిమిది లక్షల ముప్పై వేల బండి. ఆ ధరకు ఇక్కడి నంబరుదే దొరుకుతుంటే మీ బండి ఎవరు కొంటారు? కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 నుంచి 18 శాతానికి దిగింది, కొనేవాళ్లు కొత్త బండి ధరతో పోల్చి బేరమాడతారు. అమ్మే ధరను ఆశతో కాదు, అదే మోడల్ బండ్లు ఇప్పుడు ఎంతకు పోతున్నాయో చూసి వేయండి. ఆ అంకె లేకుండా మూడు లక్షలు ఇవ్వొద్దు. టోకెన్ కూడా ఇవ్వనివ్వొద్దు.

తమ్ముడితో ఎలా మాట్లాడాలని అడిగారు. "నా డబ్బు ఏమైంది" అని మొదలుపెడితే అతను అలుగుతాడు, మరదలు ఫోన్ తీయడం మానేస్తుంది. అమ్మ లేనప్పుడు, యార్డుకే వెళ్లండి. కరపత్రం చీటీ తీసి "ఈ పద్దెనిమిది ఎలా వచ్చిందిరా, నాకు చెప్పు" అనండి. అతను చెప్పాక, ఎనిమిది ఆర్ల నలభై ఎనిమిది అన్న లెక్క ఒక్కటి చూపించండి చాలు. అద్దె రాయలేదేమని మీరే అడగండి. తనవైపు ఖర్చు కూడా అక్క చూసిందనిపిస్తే, మిగతా మాట సులువవుతుంది.

ఫిబ్రవరి బిల్లు మాత్రం మరిచిపోకండి. 27,000 దగ్గర్లో ఉంటే పైన వేసిందంతా నిలబడుతుంది. లేకపోతే ఎంతుందో ఒక కార్డు ముక్క రాయండి, క్ష, య మళ్లీ మొదటినుంచి కడదాం.